పంపు ప్రెజర్, టైమింగ్, డీజిల్ మోతాదు: పాత ఇంజన్లలో ఏది తిప్పితే ఏం మారుతుంది

దమ్ముల సీజన్ ముందు ట్రాక్టర్ షెడ్ల దగ్గర వినిపించే ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ ఇవే: లోడు పడితే లాగడం లేదు, నల్లగా పొగ వస్తోంది, పొద్దున స్టార్ట్ కావడం లేదు. వీటన్నిటికీ చాలాచోట్ల దొరికే సమాధానం మాత్రం ఒక్కటే, "పంపు ప్రెజర్ సెట్ చేయాలి" అని. పాత లారీలకీ, బోర్ల మీద నడిచే డీజిల్ ఇంజన్లకీ ఇదే మాట. డబ్బులు ఇస్తారు, ఏదో స్క్రూ తిరుగుతుంది, రెండు వారాలు బండి బాగున్నట్టే ఉంటుంది, తర్వాత డీజిల్ ఖర్చు పెరిగిందనో ఇంజన్ వేడెక్కుతోందనో మళ్లీ షెడ్డుకి.

ముందుగా క్లుప్తంగా

పాత మెకానికల్ పంపు ఇంజన్లలో విడివిడిగా సెట్ చేసేవి మూడు ఉంటాయి. నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మూతి) ఎంత ప్రెజర్ దగ్గర తెరుచుకోవాలన్నది ఇంజెక్టర్‌లోని స్ప్రింగ్ చూసుకుంటుంది. డీజిల్ ఎప్పుడు పడాలన్నది పంపు టైమింగ్. ఎంత పడాలన్నది పంపు లోపలి ర్యాక్ (యాక్సిలరేటర్‌తో కదిలే కడ్డీ), గవర్నర్ (ఇంజన్ స్పీడుని అదుపులో ఉంచే భాగం) చూసుకుంటాయి. మూడూ ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపిస్తాయి కాబట్టి వరుస ముఖ్యం: ముందు నాజిళ్లు, తర్వాత టైమింగ్, మోతాదు మాత్రం చివర్లో, అదీ టెస్ట్ బెంచి (విప్పిన పంపుని తిప్పి కొలిచే యంత్రం) మీదే.

పంపు లోపల జరిగేది

రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఇన్‌లైన్ పంపు సూత్రమే చాలా పాత లారీల్లోనూ ట్రాక్టర్లలోనూ నేటికీ కనిపిస్తుంది. మన దేశంలో అదే కుటుంబానికి చెందిన, బెంగళూరు కేంద్రంగా పనిచేసే మైకో 1951లో మొదలైంది. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా షెడ్లలో మైకో పంపు అనే మాట పోలేదు.

ఈ పంపులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఎలిమెంట్, అంటే ప్లంజరు (పైకీ కిందికీ ఆడే కడ్డీ), అది ఆడే గొట్టం లాంటి బ్యారెల్. కింద క్యామ్ ప్లంజర్‌ని పైకి తోస్తుంది. ప్లంజరు పైఅంచు బ్యారెల్ పక్కనున్న రంధ్రాన్ని మూసిన క్షణం నుంచి డీజిల్ మీద ఒత్తిడి మొదలవుతుంది. ప్లంజరు ఒంటి మీద ఏటవాలుగా చెక్కిన గాడి ఉంటుంది, అది ఆ రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడంతా ఒక్కసారిగా వెనక్కి జారిపోయి సరఫరా ఆగుతుంది. ప్లంజరు ప్రతిసారీ లేచేది ఒకే ఎత్తు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ర్యాక్ కదిలి ప్లంజర్‌ని కాస్త తిప్పుతుంది, దాంతో గాడి రంధ్రం దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది, ఎక్కువ డీజిల్ పోతుంది. ఎక్కువగా వాడే రకంలో మొదలయ్యే సమయం మారదు, ముగిసే సమయమే మారుతుంది.

ఈ నిర్మాణంలో "ప్రెజర్ స్క్రూ" అనేది ఎక్కడా లేదని గమనించాలి. ప్లంజరు డీజిల్‌ని తోస్తుంది, అవతల నాజిల్ అడ్డుకుంటుంది, ఆ అడ్డు వల్లే ప్రెజర్ పుడుతుంది. పంపు మీద ఏదైనా తిప్పి ప్రెజర్ పెంచామని ఎవరైనా అంటే, చాలామటుకు వాళ్లు తిప్పింది మోతాదు స్క్రూనే.

రోటరీ పంపుల్లో కథ కొంచెం వేరు. సిలిండర్ సంఖ్యతో పని లేకుండా ఒకే పంపింగ్ భాగం అన్నిటికీ వంతులవారీగా డీజిల్ పంచుతుంది. వాటి లోపల ట్రాన్స్‌ఫర్ ప్రెజర్ (పంపింగ్ భాగానికి డీజిల్ అందించే లోపలి ఒత్తిడి) అనేది నిజంగానే ఉంటుంది, స్పీడు పెరిగేకొద్దీ టైమింగ్‌ని ముందుకు జరిపే పని కూడా చాలా రకాల్లో దానిదే. కానీ దాన్ని గేజి బిగించి బెంచి మీద చూడాలి, చెవితోనో చేత్తోనో తేలేది కాదు.

నాజిల్ ప్రెజర్

ఇంజెక్టర్‌లో సూదిని ఒక స్ప్రింగ్ కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది. పైపులో ప్రెజర్ ఆ స్ప్రింగ్ బలాన్ని దాటగానే సూది లేస్తుంది, డీజిల్ చిమ్ముతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో, అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీదకి చిమ్మే వాటిలో, ఈ తెరుచుకునే ప్రెజర్ సుమారు 175 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది, డీజిల్ ముందుగా ఒక చిన్న గదిలో పడే పాత రకాల్లో 100 నుంచి 150 బార్ వరకు. కచ్చితమైన అంకె ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది, పక్క బండి అంకె ఈ బండికి పనికిరాదు. సర్దడానికి కొన్నింట్లో స్క్రూ, కొన్నింట్లో స్ప్రింగ్ మీద షిమ్ములనే పలచటి బిళ్లలు.

కుక్కర్ విజిల్ బరువు ఆవిరి ఎప్పుడు లేపాలో చెబుతుంది, స్టవ్ మంట ఎంత పెట్టాలో చెప్పదు కదా, ఇదీ అంతే. ఇంజెక్షన్ సాగుతున్నప్పుడు లోపల ప్రెజర్ తెరుచుకునే అంకెని దాటి చాలా పైకి, కొన్ని వందల బార్లకి వెళ్తుంది, దాన్ని తేల్చేది క్యామ్ వేగం, నాజిల్ రంధ్రాల సైజు, పైపు.

ఏళ్ల తరబడి పనిచేసిన స్ప్రింగ్ మెత్తబడుతుంది, తెరుచుకునే ప్రెజర్ పడిపోతుంది. అప్పుడు సూది కాస్త ముందే లేస్తుంది, మొదటి చుక్కలు సరిగా పొగమంచులా విడిపోవు. అంతకంటే పెద్ద నష్టం చివర్లో జరుగుతుంది: సూది గట్టిగా మూసుకోక బొట్టు కారుతుంది, ఆ బొట్టు కాలిపోయి నాజిల్ మూతి మీద మసిగా పేరుకుంటుంది, ఆ మసి తర్వాతి స్ప్రేని పక్కకి తిప్పుతుంది. ఇంకాస్త ఎక్కువ పెట్టేస్తే పోలా అనుకుంటే అదీ తప్పే. అవసరానికి మించి స్ప్రింగ్ బిగిస్తే ఇంజెక్షన్ ఆలస్యమవుతుంది, పడే డీజిల్ తగ్గుతుంది, క్యామ్ మీదా రోలర్ మీదా భారం పడుతుంది.

చేతి టెస్టర్ మీద నాలుగు సంగతులు చూడాలి: ఏ అంకె దగ్గర తెరుచుకుంది, అన్ని రంధ్రాల నుంచీ సమానంగా చిమ్ముతోందా, తెరుచుకునే ప్రెజర్‌కి 20 బార్ కింద పట్టి ఉంచితే పది సెకన్లపాటు మూతి పొడిగా ఉందా, వెనక్కి లీకు ఎంత. అంకె ఒక్కటే చూసి "ఓకే" అనేస్తే మిగతా మూడూ వదిలేసినట్టు. తిరిగి బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింద ఒక్క రాగి వాషరే ఉండాలి. పాతది లోపలే ఉండిపోయి దాని మీద కొత్తది వేస్తే నాజిల్ మూతి పైకి జరిగి స్ప్రే పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు.

ఆ టెస్టర్ దగ్గర ఒక జాగ్రత్త పిల్ల మెకానిక్‌లకి తప్పనిసరిగా చెప్పాలి. చిమ్మే డీజిల్ ముందు వేలు పెట్టకూడదు. ఆ ప్రెజర్‌కి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న సూది పోటులా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, కానీ లోపల కండ దెబ్బతింటుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏం జరిగిందో స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది.

టైమింగ్: మిల్లీమీటర్‌లో జరిగే పెద్ద మార్పు

డీజిల్ పడిన వెంటనే మంట రాదు. బొట్టు ఆవిరై, గాలితో కలిసి, వేడికి అంటుకోడానికి సుమారు ఒక మిల్లీసెకను అటూ ఇటూ పడుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనులో 9 డిగ్రీలు తిరుగుతుంది. దీనికి తోడు పంపు దగ్గర పుట్టిన ఒత్తిడి అల పైపులో ప్రయాణించి నాజిల్ చేరాలి. డీజిల్‌లో ఆ అల వేగం సెకనుకి 1300, 1400 మీటర్ల దరిదాపులో ఉంటుంది కాబట్టి 60 సెంటీమీటర్ల పైపు దాటేసరికి ఇంకో 4 డిగ్రీలు పోతాయి. అందుకే పిస్టన్ పైకి చేరడానికి చాలా ముందే పంపు పని మొదలుపెట్టాలి, చాలా పాత ఇంజన్లలో 18 నుంచి 30 డిగ్రీల ముందు. నాలుగు సిలిండర్ల పైపులన్నీ ఒకే పొడవుతో, దగ్గరి సిలిండర్‌కి వెళ్లేది కూడా వంపులు తిప్పి మరీ ఎందుకు చేశారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక పైపు పగిలితే దొరికిన పొడవు ముక్క వేయకూడదనేది కూడా ఇందుకే.

టైమింగ్ ముందుకి పోతే డీజిల్ పడేసరికి లోపల గాలి ఇంకా పూర్తిగా వేడెక్కి ఉండదు, అంటుకోవడం ఆలస్యమవుతుంది, ఆలోపు పడిన డీజిలంతా పోగై ఒక్కసారిగా కాలుతుంది. టకటకమనే నాకింగ్ అదే. పిస్టన్, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ మీద దెబ్బ పడుతుంది. పికప్ బాగుందనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు చాలాకాలం దొరకదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. వెనక్కి పోతే పిస్టన్ కిందికి దిగుతుండగా డీజిల్ కాలుతుంది, శక్తి చక్రాలకి బదులు సైలెన్సర్ వైపు పోతుంది. చల్లగా ఉన్నప్పుడు తెల్ల పొగ, లోడు మీద ఇంజన్ వేడెక్కడం, మైలేజ్ పడిపోవడం దీని గుర్తులు.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పంపు క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది, అంటే పంపు దగ్గర ఒక డిగ్రీ తప్పు క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు. ఫ్లాంజ్ మీద గీత షాఫ్ట్ మధ్య నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బోల్టులు వదులు చేసి పంపుని ఒక్క మిల్లీమీటర్ జరిపితే క్రాంక్ లెక్కలో 2.3 డిగ్రీలు మారిపోతుంది. పంపు బాడీని షాఫ్ట్ తిరిగే దిశకి ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకి, అదే దిశలో తిప్పితే వెనక్కి. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి "సెట్ అయింది" అనేవాళ్లు ఎంత పెద్ద మార్పు చేస్తున్నారో ఈ అంకెని బట్టి ఊహించుకోవచ్చు.

సరైన పద్ధతి స్పిల్ టైమింగ్. ఇన్‌లైన్ పంపులో ఒకటో ఎలిమెంట్ పైన డెలివరీ వాల్వు (డీజిల్ పైపులోకి పోయే దారిలోని వాల్వు), దాని స్ప్రింగు తీసేసి, హోల్డరు మళ్లీ బిగించి, హంస మెడలా వంగిన చిన్న పైపు పెడతారు. ర్యాక్ డీజిల్ ఇచ్చే స్థితిలో ఉండాలి, స్టాప్ లాగి ఉండకూడదు. ఒకటో సిలిండర్ కంప్రెషన్ స్ట్రోకులో ఉందో లేదో వాల్వులు చూసి ఖాయం చేసుకుని, ఇంజన్‌ని మెల్లగా చేత్తో తిప్పుతూ ఆ పైపు నుంచి వచ్చే ధారని చూస్తారు. ధార సన్నబడి, బొట్లుగా మారి, ఆగబోయే క్షణమే రంధ్రం మూసుకున్న క్షణం. అక్కడ ఫ్లైవీల్ మీద గుర్తు ఎంత చూపిస్తోందో అదే టైమింగ్. దాటిపోతే వెనక్కి తిప్పి అక్కడికక్కడే ఆపకూడదు, గేర్ల మధ్య ఉండే వదులు వల్ల అంకె తప్పుతుంది. బాగా వెనక్కి పోయి మళ్లీ తిరిగే దిశలోనే రావాలి.

చాలామంది డెలివరీ వాల్వు తీయకుండా పైపు విప్పి, బొడిపెలో డీజిల్ కదలడం చూసి సెట్ చేస్తారు. అర్ధరాత్రి హైవే మీద బండి ఆగిపోయినప్పుడు అది పనికొస్తుంది, కానీ అది చూపించేది వాల్వు లేచిన తర్వాతి క్షణాన్ని. చెవితో సెట్ చేసే పెద్ద మేస్త్రీల అనుభవాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు, వాళ్లు గుర్తుకి దగ్గరగానే తెస్తారు. అయితే నాకింగ్ ఇంజన్ వేడిని బట్టి, లోడుని బట్టి మారుతుంది, చల్లటి ఇంజన్ సరైన టైమింగ్ దగ్గర కూడా కొడుతుంది, కాబట్టి చివరి మాట ఫ్లైవీల్ గుర్తుదే కావాలి. రోటరీ పంపుల్లో ఒక రకానికి ఫ్లాంజ్ గీతలు కలపడం, ఇంకో రకానికి వెనక ప్లగ్గు తీసి డయల్ గేజితో ప్లంజరు కదలిక కొలవడం. ఆ కదలిక సాధారణంగా ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ మాత్రమే, అక్కడ కంటిచూపు సరిపోదు.

మోతాదు స్క్రూ, నల్ల పొగ

టర్బో లేని ఇంజన్‌కి గాలి ఇంతే అని హద్దు ఉంది. ఒక సిలిండర్ 800 సీసీ అనుకుంటే, 35 డిగ్రీల ఎండలో, నిండాల్సిన దాంట్లో 85 శాతం నిండిందనుకుంటే లోపలికి వచ్చే గాలి సుమారు 0.78 గ్రాము. పొగ లేకుండా కాలాలంటే డీజిల్‌కి దాదాపు 20 రెట్ల బరువు గాలి కావాలి. అంటే ఒక్కో స్ట్రోకుకి పడాల్సింది 39 మిల్లీగ్రాముల డీజిల్, ఘనపరిమాణంలో 47 ఘనపు మిల్లీమీటర్లు. స్క్రూ తిప్పి దీన్ని 60 చేస్తే మొదట్లో కొంత పవర్ పెరిగిన మాట నిజమే, దమ్ములో ట్రాక్టర్ గట్టిగా లాగినట్టే ఉంటుంది. మిగిలిన డీజిల్ మసిగా మారుతుంది, కొంత సిలిండర్ గోడల మీద పడి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. సైలెన్సర్ వేడి పెరిగి వాల్వులు, పిస్టన్ తల దెబ్బతింటాయి.

గాలి ఉష్ణోగ్రత సంగతి కూడా చూడాలి. 15 డిగ్రీల చలి పొద్దునతో పోలిస్తే 45 డిగ్రీల మే ఎండలో అదే సిలిండర్‌లోకి వచ్చే గాలి బరువు తొమ్మిది శాతానికి పైగా తగ్గుతుంది. జనవరిలో శుభ్రంగా కనిపించిన సెట్టింగే ఎండాకాలంలో నల్లగా కక్కేది ఇందుకే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే ఫలితం. ఫిల్టర్ చూడకుండా పంపు విప్పడం దగ్గరే చాలా అనవసర ఖర్చు మొదలవుతుంది.

లారీలకి ఇంకో చిక్కు. బీఎస్-4కి ముందు డీజిల్ బండ్లకి పొల్యూషన్ పరీక్షలో పొగ 65 హెచ్ఎస్‌యూ (పొగ చిక్కదనాన్ని కొలిచే అంకె) దాటకూడదు, బీఎస్-4 బండ్లకి 50. పరీక్ష రోజున స్క్రూ తగ్గించి తర్వాత మళ్లీ పెంచడమనే అలవాటు గవర్నర్ సెట్టింగుని పూర్తిగా చెడగొడుతుంది, మోతాదు స్క్రూకి సీలు వేసి ఉంచేది అందుకే.

ఒకదాని తప్పుని ఇంకొకటి దాచేస్తుంది

సర్వీస్ చేయించాక బండి ఇంకా పాడైందనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండే కారణం ఇది. పాతబడేకొద్దీ ప్లంజరు అరిగి, టాపెట్ అరిగి, గేర్లు వదులై డీజిల్ ఆలస్యంగా పడటం మొదలవుతుంది. అదే కాలంలో నాజిల్ స్ప్రింగ్ మెత్తబడి సూది ముందే లేస్తుంటుంది. రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో ఉండటంతో ఇంజన్ ఎలాగోలా నడిచిపోతుంది. ఇప్పుడు నాజిళ్లు మాత్రమే బాగుచేయించి ప్రెజర్ కంపెనీ అంకెకి తెస్తే, ముందే లేవడం ఆగిపోతుంది, పంపు ఆలస్యం అలాగే మిగులుతుంది. తెల్ల పొగ, పికప్ పోవడం కనిపిస్తాయి. నాజిల్ పని సరిగానే జరిగింది, టైమింగ్ సరిచూడకపోవడమే లోపం. కానీ కోపంలో మళ్లీ స్ప్రింగ్ వదులు చేయించడమో, మోతాదు స్క్రూ తిప్పించడమో జరుగుతుంది.

కంప్రెషన్ విషయంలోనూ ఇదే తంతు. రింగులు పోయిన ఇంజన్‌లో గాలి సరిగా వేడెక్కక స్టార్టింగ్ కష్టమవుతుంది, దాన్ని టైమింగ్ ముందుకి జరిపి నెట్టుకొస్తారు. తర్వాత రింగులు మార్పించి టైమింగ్ అలాగే వదిలేస్తే కొత్త ఇంజన్ గట్టిగా కొట్టడం మొదలుపెడుతుంది.

వేడి మీద స్టార్ట్ కాకపోవడం మాత్రం ఏ స్క్రూతోనూ పోదు. ప్లంజరుకీ బ్యారెల్‌కీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే. అది అరిగి పెరిగితే, వేడికి పలచబడిన డీజిల్ ఆ సందులోంచి జారిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి జారడానికి కావలసినంత టైము దొరుకుతుంది. స్టార్ట్ అయ్యాక స్పీడు పెరగడంతో లోపం కనిపించదు. చల్లారాకో, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరిచాకో స్టార్ట్ అయితే అనుమానించాల్సింది ఎలిమెంట్లని.

డీజిల్ కూడా మారింది

ఈ ఇంజన్లు పుట్టిన కాలపు డీజిల్ ఇప్పుడు లేదు. 2000కి ముందు మన దగ్గర కనీస సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె) 45, ఆ తర్వాత 48, ఇప్పుడు 51. సీటేన్ పెరిగితే త్వరగా అంటుకుంటుంది, శబ్దం తగ్గుతుంది, పాత టైమింగ్‌కి దీనివల్ల ఇబ్బంది లేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్మే బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకి దిగింది. సల్ఫర్ తీసే క్రమంలో సహజమైన జిడ్డు గుణం పోతుంది, అందుకే రిఫైనరీలు దాన్ని మందులతో తిరిగి కలుపుతాయి, ప్రమాణాల్లో దానికీ ఒక పరీక్ష ఉంది. కాబట్టి బంకు డీజిల్‌లో ఆయిల్ కలపాల్సిన అవసరం లేదు, కలిపితే నాజిల్ మీద మసి పెరుగుతుంది. పంపుని నిజంగా తినేసేది నీళ్లు, దుమ్ము, కిరోసిన్ కల్తీ. డ్రమ్ముల్లో ఎండా వానల్లో నిల్వచేసిన డీజిల్‌లో మొదటి రెండూ దొరుకుతాయి. రోటరీ పంపులకి ప్రమాదం మరీ ఎక్కువ, వాటి లోపలి భాగాలన్నిటికీ డీజిలే ఆయిలు.

షెడ్డులో ఏది, బెంచి మీద ఏది

ఫిల్టర్లు మార్చడం, ఎయిర్ తీయడం, వాల్వు క్లియరెన్స్, నాజిల్ టెస్టు, స్పిల్ టైమింగ్, ఇవన్నీ మంచి మెకానిక్ షెడ్డులోనే చేయగలడు. ఎలిమెంట్ల మధ్య డిగ్రీల తేడా, ఒక్కో ఎలిమెంట్ వెయ్యి స్ట్రోకులకి ఎన్ని సీసీ ఇస్తోంది, గవర్నర్ ఏ స్పీడు దగ్గర కట్ చేస్తోంది, ఇవి మాత్రం బెంచి లేకుండా తేలవు. పై లెక్కలోని 47 ఘనపు మిల్లీమీటర్లు బెంచి గొట్టంలో వెయ్యి స్ట్రోకులకి 47 సీసీగా కనిపిస్తుంది. నాలుగు గొట్టాల్లో ఒకటి 40, ఇంకోటి 54 చూపిస్తే సగటు సరిగానే ఉన్నా ఒక సిలిండర్ పొగ కక్కుతూ ఇంకోటి నీరసంగా ఉంటుంది. దానికి మోతాదు స్క్రూ తిప్పితే పొగ కక్కేది ఇంకా కక్కుతుంది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకి పంపు ఒక్కటే విప్పి తీసుకెళ్లేవాళ్లు ఎక్కువ. అక్కడ పరీక్ష బెంచికి ఉన్న సొంత నాజిళ్లతో, సొంత పైపులతో జరుగుతుంది, బండి నాజిళ్ల లోపం అక్కడ బయటపడదు. ఇంజెక్టర్లు కూడా వెంట తీసుకెళ్లాలి, పని అయ్యాక అంకెలు రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. వచ్చేసారి ఏం మారిందో చెప్పేది ఆ కాగితమే.

ఈ పని ఇప్పట్లో పోయేది కూడా కాదు. 2023 జనవరి నుంచి ట్రెమ్-4 అనే ట్రాక్టర్ పొగ నిబంధనలు 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకే వర్తించాయి, వాటిలోకే ఎలక్ట్రానిక్ కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే పద్ధతి) ఎక్కువగా వచ్చింది. మన పొలాల్లో ఎక్కువగా తిరిగే 50 లోపు బండ్లలో మెకానికల్ పంపులు చాలా ఏళ్లు ఉంటాయి.

పంపు తిరిగి బిగించాక స్టార్ట్ చేసే ముందు ర్యాక్ చేత్తో తేలిగ్గా కదులుతోందా, స్టాప్ లివర్ పూర్తిగా కట్ చేస్తోందా చూడాలి. ర్యాక్ ఫుల్ దగ్గర ఇరుక్కుంటే ఇంజన్ రేస్ అయిపోతుంది, తాళం చెవి తిప్పినా ఆగదు. ఆ సమయంలో గాలి దారి మూయడానికి ఎయిర్ క్లీనర్ పైపు విప్పి, మూతికి సరిపోయే చెక్క పలకో మందపాటి రేకో దగ్గర పెట్టుకోవాలి. గుడ్డ అయితే లోపలికి లాగేస్తుంది, అరచెయ్యి అసలు అడ్డం పెట్టకూడదు.